సాక్షి జ్ఞాపకమునకు ముద్ర యేది?

హత్య జరిగినచోట దొరకిన నెత్తుటిగుడ్డను పోలీసువారు పొట్లముకట్టి లక్కముద్ర వేయుదురు. మధ్యవర్తులచే చీటిమీద సంతకములు చేయింతురు. ఆ పొట్లము ఏనాడు ఎవరిచేతికి వచ్చెను, ప్రయోగశాలకు ఏనాడు చేరెను, ముద్ర చెదరక యుండెనా అని న్యాయస్థానమున ప్లీడరు అడుగకమానడు. ముద్ర చెదరెనని తేలినచో ఆ సాక్ష్యము విలువ సగమునకు సగము తగ్గిపోవును. ఇది న్యాయమే. కాని అదేచోట నిలిచి, అదే హత్యను కన్నులార చూచిన మనుష్యుని జ్ఞాపకమునకు ఏ ముద్రయు లేదు. అది ఎవరెవరి నోళ్లబడి వచ్చెనో, దారిలో ఎంత చెడెనో, ఎంత కొత్తది చేరెనో అడుగువారు అరుదు. అయినను మన న్యాయస్థానములలో ఉరికొయ్యకు, విడుదలకు నడుమ నిలుచునది తరచుగా ఆ జ్ఞాపకమే.

2024 జూలై 1వ తేదీనుండి దేశమున కొత్త నేరవిచారణ చట్టములు అమలులోనికి వచ్చినవి. భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 176వ సెక్షను ప్రకారము ఏడేండ్లు గాని అంతకు మించి గాని శిక్షపడదగిన నేరములలో శాస్త్రపరీక్షకుడు స్వయముగా నేరస్థలమునకు వెళ్లవలెను. ఇందులకు ఏర్పాట్లు చేసికొనుటకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువు నిచ్చిరి. 105వ సెక్షను ప్రకారము సోదాలను, వస్తువుల స్వాధీనమును దృశ్యముగా చిత్రించి తీరవలెను. మంచిదే. అయితే సాక్షులను పోలీసువారు విచారించుటను గూర్చిన 180వ సెక్షను ఏమనుచున్నది? వారి మాటలను దృశ్యశ్రవణ సాధనములతో రికార్డు చేయవచ్చును అని మాత్రమే అనుచున్నది. వస్తువు విషయమున ‘వలెను’. మనుష్యుని విషయమున ‘వచ్చును’. ఈ రెండు మాటల నడుమ నున్న యెడమే నేడు మేము పాఠకుల యెదుట పెట్టదలచిన విషయము.

న్యాయవ్యవహారములకు సంబంధించిన మనశ్శాస్త్రము నేడొక ప్రత్యేకశాఖగా వృద్ధినొందినది. అందు మూడు భాగములు ముఖ్యములు. మొదటిది ముద్దాయి మనఃస్థితికి సంబంధించినది. ఇంగ్లండులో 1843లో మెక్నాటన్ వ్యాజ్యమునుండి పుట్టిన సూత్రము 1860 నాటి శిక్షాస్మృతిలో 84వ సెక్షనుగా మన దేశమునకు వచ్చి, నేడు భారతీయ న్యాయసంహితలో 22వ సెక్షనుగా నిలిచియున్నది. మతిచెడి, తాను చేయుచున్నదేమో ఎరుగనివానిని శిక్షింపరాదనుట అందరికిని తెలిసిన ధర్మమే గనుక దానిని గూర్చి యిక్కడ విస్తరింపము. రెండవది సాక్షుల జ్ఞాపకమును, ముద్దాయిల నేరాంగీకారములను పరీక్షించునది. మూడవది తీర్పరుల మనస్సునే పరీక్షించునది. ఈ రెండింటియందే మనకు నేర్చుకొనదగినది మెండుగా కలదు. మనము నేర్చుకొన్నది మాత్రము స్వల్పము.

ఈ విద్య మన ప్రాంతమునకు అపరిచితము కాదు. ఆస్ట్రియాదేశపు విచారణ మేజిస్ట్రేటు హాన్స్ గ్రోస్ 1893లో నేరపరిశోధనపై ఒక గొప్ప గ్రంథమును, 1898లో నేరమనశ్శాస్త్రముపై మరియొకదానిని ప్రకటించెను. అందు మొదటిదానిని మద్రాసు ప్రభుత్వ ప్రాసిక్యూటర్లు భారతదేశ వ్యవహారమున కనువుగా ఆంగ్లమునకు తెచ్చి 1906లో మద్రాసుననే అచ్చువేయించిరి. గుంటూరు, బెజవాడ, రాజమహేంద్రవరముల కోర్టులు ఆనాడు మద్రాసు రాజధానిలోనివే. 20వ శతాబ్ది ఆరంభమున బెర్లినులో ఫ్రాన్స్ వాన్ లిస్ట్ అను న్యాయశాస్త్రాచార్యుడు తన తరగతిలో ముందుగా ఏర్పాటుచేసికొన్న యొక కలహమును, పిస్తోలుతోగూడ, జరిపించి, చూచిన విద్యార్థులచే జరిగినదానిని చెప్పించెను. న్యాయశాస్త్రము చదువుచున్న ఆ యువకులు సైతము తప్పులు లేకుండ చెప్పలేకపోయిరి. జరుగనివానిని జరిగినట్లు చెప్పినవారును కలరు. 1908లో అమెరికాలో హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ సాక్షుల మనస్సును గూర్చి గ్రంథము వ్రాసి, న్యాయవాదులు మనశ్శాస్త్రమును లెక్కచేయకున్నారని మందలించెను. సాక్ష్యశాస్త్రమున మహాపండితుడగు విగ్‌మోర్ 1909లో దానికి పరిహాసముగా బదులు వ్రాసి, మీ శాస్త్రము ఇంకను నిరూపించినదేమని నిలదీసెను. ఆనాటికి ఆ ప్రశ్న సమంజసమే. నేటికి నూరేండ్లు దాటినవి. నిరూపణలు గుట్టలుగా పడియున్నవి.

అందొకటి చెప్పెదము. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనువారు విద్యార్థులకు మోటారుకార్లు ఢీకొను చిత్రములను చూపిరి. అందరికిని చూపినవి అవే చిత్రములు. అడుగునపుడు మాత్రము ఒక్క క్రియాపదమును మార్చిరి. కార్లు ‘బద్దలగునట్లు గుద్దుకొన్నపుడు’ ఎంత వేగమున నుండెనని అడుగగా విద్యార్థులు చెప్పిన సగటు వేగము గంటకు సుమారు 41 మైళ్లు. ‘తాకినపుడు’ అని అడుగగా సుమారు 32 మైళ్లు. మరియొక పరీక్షలో, వారము గడచిన పిమ్మట, పగిలిన గాజుముక్కలను చూచితిరా యని అడిగిరి. చిత్రములో గాజుముక్కలే లేవు. అయినను ‘బద్దలగునట్లు గుద్దుకొన్నవి’ అను ప్రశ్న వినియున్న 50 మందిలో 16 మంది చూచితిమనిరి; ‘కొట్టుకొన్నవి’ అను ప్రశ్న విన్న 50 మందిలో 7 గురు మాత్రమే అట్లనిరి. ఆ 16 మందియు అబద్ధమాడలేదు. అడిగినవాని మాట వారి మనస్సున ప్రవేశించి, చూచినదానితో కలిసిపోయినది. పాలలో నీరువలె కలిసినదానిని వేరుచేయ నేర్చిన హంస ఏ న్యాయస్థానమునందును లేదు.

ఈ దృష్టాంతమును మన పల్లెకు అన్వయించి చూడుడు. పొలముగట్టు తగవులో ఒకడు పడిపోయెను. తోసినాడా, గెంటినాడా, మోదినాడా? గొడ్డలి అంచుతో నరికినాడా, తిరగవేసి కొట్టినాడా? తెలుగున ఈ మాటల నడుమ గల భేదమే హత్యాయత్నమునకును, గాయపరచుటకును గల భేదము. ఇన్‌స్పెక్టరు ‘అతడు గొడ్డలితో నరికినపుడు నీవెక్కడ నుంటివి?’ అని అడిగెననుకొందము. సాక్షి తాను నిలిచిన చోటును చెప్పును. నరికెనను మాటను మాత్రము అడిగినవానినుండియే గ్రహించును. మూడేండ్లకు సెషన్సు కోర్టులో అతడు నరికినాడనియే ప్రమాణపూర్వకముగా చెప్పును. అప్పటికి అతనికది తాను చూచినదే.

ఇంతటితో పోలేదు. పోలీసువారు వ్రాసికొన్న వాఙ్మూలముపై సాక్షిచే సంతకము చేయింపరాదని చట్టమే నిషేధించుచున్నది. ఒత్తిడిచే పలికించిన మాటకు సాక్షి కట్టుబడరాదను సదుద్దేశముతో నేర్పడిన నియమమిది. కాని ఆ వ్రాత సాక్షి మాటలలో నుండదు. వ్రాసినవాని మాటలలో నుండును. కొన్నియేండ్లకు ముద్దాయి పక్షపు న్యాయవాది ఆ కాగితమునే చేతబట్టుకొని, ‘నీవానాడు ఇట్లు చెప్పలేదుగదా’ యని సాక్షిని అబద్ధికునిగా చేయును. తాను చదువని, సంతకము చేయని, తన పలుకులు గాని వ్రాతతో సత్యవంతుడు ఓడిపోవును. న్యాయస్థానములోను పలుచోట్ల సాక్షి తెలుగున చెప్పుచుండగా రికార్డు ఆంగ్లమున తయారగుచున్నది. తోసినాడు, మోదినాడు, బాదినాడు అను మూడు మాటలును ‘దాడిచేసెను’ అను నర్థముగల ఒక్క ఆంగ్లపదములో మునిగిపోవుచున్నవి. ఒక్క క్రియాపదము జ్ఞాపకమునే మార్చగలదని శాస్త్రము చెప్పుచుండగా, క్రియాపదములన్నియు మారిపోయిన రికార్డుపై అప్పీలు వినుట ఎంత సబబు? దేశభాషలో న్యాయము జరుగవలెననుట అభిమానమునకు మాత్రమే సంబంధించిన మాట కాదు. సత్యమునకు సంబంధించిన మాట.

ముఖమును గుర్తించుటయందును ఇట్టి ప్రమాదమే. లండనులో 1896లో అడాల్ఫ్ బెక్ అనువానిని, తమను మోసగించినవాడితడే యని పలువురు స్త్రీలు గుర్తుపట్టగా, ఏడేండ్ల కఠినశిక్ష విధించిరి. అతడు విడుదలై వచ్చిన పిమ్మట 1904లో మరల అట్టి ఆరోపణమే వచ్చెను; మరల స్త్రీలు గుర్తుపట్టిరి; మరల నేరము రుజువయ్యెను. ఇంతలో అసలు మోసగాడు పట్టుబడుటచే బెక్ నిర్దోషియని తేలెను. ఆ యలజడి ఫలితముగా ఇంగ్లండులో 1907లో క్రిమినల్ అప్పీలు కోర్టే ఏర్పడెను. 1976లో డెవ్లిన్ సంఘము గుర్తింపు సాక్ష్యపు ప్రమాదములను విమర్శించుచు నివేదిక నిచ్చెను. అదే యేట టర్న్‌బుల్ వ్యాజ్యములో, ఇట్టి సాక్ష్యమును గూర్చి జడ్జి జూరీని హెచ్చరింపవలెనని ఉన్నత న్యాయస్థానము నిర్ణయించెను. అమెరికాలో 1992లో స్థాపితమైన ‘ఇన్నొసెన్స్ ప్రాజెక్టు’ లెక్కలనుబట్టి, డీఎన్ఏ పరీక్షచే నిర్దోషులని తేలినవారిలో మూడింట రెండువంతులకు పైబడినవారి వ్యాజ్యములలో సాక్షులు పొరపాటున గుర్తుపట్టుట యొక కారణమైనది.

మన దేశమున మేజిస్ట్రేటు యెదుట గుర్తింపు పరేడు జరుపు ఆచారము కలదు. ఏర్పాటు మంచిది. కాని పరేడునకు ముందే అనుమానితుని స్టేషనులో సాక్షి చూచియుండినను, పత్రికలలోను దూరదర్శినిలోను అతని బొమ్మ ప్రకటితమైనను, ఆ పరేడు వట్టి తంతు. సాక్షి గుర్తుపట్టునది నేరస్థలమున చూచిన ముఖమునో, నిన్న బొమ్మలో చూచిన ముఖమునో అతనికే తెలియదు. శాస్త్రజ్ఞులు చెప్పు సూత్రములు సులభమైనవి. అనుమానితుడెవరో ఎరుగని యధికారి పరేడును నడుపవలెను. ‘నేరస్థుడు ఈ వరుసలో లేకపోవచ్చును’ అని సాక్షికి ముందుగా చెప్పవలెను. గుర్తుపట్టిన ఆ క్షణముననే, నీకెంత నమ్మకమని అడిగి ఆ మాటను వ్రాసికొనవలెను. సక్రమముగా జరిపిన తొలి గుర్తింపులో సాక్షి కనబరచిన నమ్మకమునకు విలువ కలదు. ఏండ్లు గడచి, పదిమంది అవుననిన పిమ్మట బోనులో కనబరచు ధైర్యమునకు ఆ విలువ లేదు.

ఇక నేరాంగీకారము. 1854లో మద్రాసు రాజధానిలో చిత్రహింసలపై విచారణసంఘము నియమింపబడెను. శిస్తు వసూలుకొరకును, నేరమొప్పించుటకొరకును రైతులను, అనుమానితులను కొట్టుట, ఎండలో నిలుపుట, కిట్టిలో చేతివ్రేళ్లను నొక్కుట మొదలగువానిని ఆ సంఘము నమోదుచేసినది. పోలీసువారి యొద్ద చేసిన నేరాంగీకారము చెల్లదను నియమము 1861 నాటి విచారణ స్మృతిలో చేరుటకును, 1872 నాటి సాక్ష్యచట్టములో 25వ సెక్షనుగా నిలుచుటకును ఇట్టి యనుభవములే వెనుక నున్నవి. నేడది భారతీయ సాక్ష్య అధినియమములో 23వ సెక్షను. మన తాతముత్తాతల దేహములపై బడిన దెబ్బలకు ఫలముగా వచ్చిన రక్షణయని దీనిని మనము మరువరాదు.

అయితే దెబ్బ లేకున్నను మనుష్యుడు చేయని నేరము నొప్పుకొనునా? ఒప్పుకొనును. 1996లో అమెరికాలో సాల్ కాసిన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు చేసిన పరీక్షలో, కంప్యూటరు మీద ముట్టవద్దన్న మీటను నొక్కి దానిని చెడగొట్టితివని విద్యార్థులపై నింద మోపిరి. ఎవరును నొక్కలేదు. అయినను నూటికి 69 మంది తప్పొప్పుకొనుచు సంతకము చేసిరి. కొందరు తామే నొక్కితిమని నిజముగ నమ్మిరి. ‘నీవు నొక్కుట నేను చూచితిని’ అని యొక దొంగసాక్షి పలికినపుడు ఒప్పుకొన్నవారు మరింత పెరిగిరి. నిద్రలేమి, ఒంటరితనము, ఇంటివారిపై బెంగ, ఒప్పుకొన్నచో విడిచెదరను ఆశ, ఇవన్నియు కూడినచోట పేదవాని మనస్సు ఏమగునో ఊహింపవచ్చును.

2007 డిసెంబరులో విజయవాడ చెంత జరిగిన యొక విద్యార్థిని హత్య తెలుగువారు మరువలేదు. 2008లో పోలీసువారు ఒక పేదయువకుని పట్టుకొని, నేరమొప్పుకొనెనని ప్రకటించిరి. 2010లో కింది కోర్టు శిక్షించెను. 2017 మార్చి 31వ తేదీన హైదరాబాదు హైకోర్టు అతడు నిర్దోషియని విడుదల చేసి, లక్ష రూపాయల పరిహార మిప్పించెను. అప్పటికే అతని యౌవనమున ఎనిమిదేండ్లకు పైగా చెరసాలలో గడచిపోయినవి. చనిపోయిన బిడ్డ తలిదండ్రులకును న్యాయము దొరకలేదు. తప్పుడు నేరాంగీకారము ఒకరికిగాదు, ఇరువురికి అన్యాయము చేయును.

‘ఎదురుగా నిలిపి చూచినచో అబద్ధము తెలియదా?’ అని పలువు రందురు. యాజ్ఞవల్క్యస్మృతి సైతము, తావుమారి తిరుగుట, పెదవులు నాకుట, నుదుట చెమటపట్టుట, ముఖము వెలవెలబోవుట మొదలగువానిని కపటసాక్షి లక్షణములుగా చెప్పినది. ఆ ధర్మశాస్త్రము 13వ శతాబ్దిలోనే కేతన రచించిన విజ్ఞానేశ్వరీయము ద్వారా తెలుగువారికి అందినది. అంతటి ప్రాచీనకాలముననే మనవారు సాక్షి మనస్సును గూర్చి యోచించిరనుట గర్వకారణమే. కాని నేటి పరిశోధన వేరొక మాట చెప్పుచున్నది. 2006లో బాండ్, డిపాలో అనువారు వేలకొలది మనుష్యులపై జరిగిన పరీక్షలన్నింటిని క్రోడీకరింపగా, ముఖకవళికలనుబట్టి, మాటతీరునుబట్టి నిజమేదో అబద్ధమేదో సరిగా చెప్పగలిగినది నూటికి 54 మారులే. బొమ్మా బొరుసా వేసినను 50 వచ్చునుగదా! చెమట భయమునకు గుర్తు, అబద్ధమునకు గాదు. కోర్టు మెట్లెక్కుట తొలిసారియైన కూలివానికి చెమట పట్టును. వందసార్లెక్కిన దొంగసాక్షికి పట్టదు.

యంత్రములును ఇంతకంటె మేలుగావు. నాడిని, ఊపిరిని, చెమటను కొలుచు అబద్ధపరీక్షా యంత్రము పసికట్టునది కలవరమునే. మత్తుమందిచ్చి పలికించు నార్కో పరీక్షలో వాగుడు వచ్చును గాని సత్యమే వచ్చునను పూచీ లేదు. ముద్దాయి సమ్మతి లేక ఇట్టి పరీక్షలు చేయరాదని సుప్రీంకోర్టు 2010 మే నెలలో సెల్వీ వ్యాజ్యమున తీర్పు చెప్పి, రాజ్యాంగము 20వ యధికరణము మూడవ ఖండమిచ్చు రక్షణను నిలిపినది. మనశ్శాస్త్రము పేర నడచు మంత్రతంత్రములను త్రోసి, నిలుకడగల శాస్త్రమును గ్రహించుటే వివేకము.

ఇట్లయినచో సాక్షులనెవరిని నమ్మవలెను, నేరస్థులందరును తప్పించుకొనరా యని శంకించువారు కలరు. మా సమాధానమిది. ఈ శాస్త్రము సత్యవంతుడగు సాక్షిని కాపాడును. 1983లో భర్వాడా భోగిన్‌భాయి వ్యాజ్యమున సుప్రీంకోర్టు, మనుష్యుని జ్ఞాపకము ఛాయాచిత్రము వంటిది గాదనియు, కాలము, దూరము, మాటల వరుస మొదలగు చిన్న విషయములలో తేడాలు సహజములనియు, వానినిబట్టి సాక్ష్యమును త్రోసివేయరాదనియు విశదీకరించెను. ఇది మనశ్శాస్త్రము చెప్పు మాటయే. తొలినాటి పలుకు ఉన్నదున్నట్లు నిలిచినచో నిజమైన సాక్షికి భయమేమి? నిజాయితీగల పోలీసు అధికారికి భయమేమి? ఇంగ్లండులో 1984 నాటి చట్టము పిమ్మట అనుమానితుల విచారణలను ధ్వనిముద్రికలకెక్కించుట ఆచారమైనది. అచ్చటి పోలీసువ్యవస్థ కుప్పగూలలేదు.

కనుక మేము కోరునవి నాలుగు. ఘోరనేరములలో సాక్షులను, అనుమానితులను పోలీసువారు విచారించుటను మొదటి ప్రశ్ననుండి తుదివరకు దృశ్యశ్రవణ రూపమున భద్రపరచవలెను. చట్టమందలి ‘వచ్చును’ను ‘వలెను’గా మార్చవలెను. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషనునందును, విచారణ గదులయందును కెమెరాలుండవలెనని పరంవీర్ సింగ్ సైనీ వ్యాజ్యమున ఆజ్ఞాపించియే యున్నది. రెండవది, సాక్షి పలికిన తెలుగు మాటలు పలికినట్లే రికార్డునందుండవలెను. మూడవది, గుర్తింపు పరేడు అనుమానితు నెరుగని వానిచే జరుగవలెను. బొమ్మలు ముందుగా బయటికి పోరాదు. నాలుగవది, న్యాయాధిపతుల, పోలీసు అధికారుల శిక్షణాలయములలో సాక్షి మనశ్శాస్త్రము పాఠ్యవిషయము కావలెను. వీనికి కావలసినది ధనముకన్న మనస్సు.

పాఠకులకును ఒక విన్నపము. గ్రామమున దుర్ఘటన జరిగినపుడు రచ్చబండ దగ్గర పదిమంది చేరి చూచినవానికి కథ నేర్పుట మనలో పరిపాటి. ‘వాడే అయియుండును, నీవు సరిగా గుర్తుచేసికో’ అనుట స్నేహముగా తోచును. కాని అది ముద్రవేసిన పొట్లమును విప్పుటయే. చూచినవానిని చూచినంతవరకే చెప్పనిండు. తెలియదను మాటను కూడ అతనికి గౌరవముగా మిగులనిండు. తన పక్షము నెగ్గవలెనని యీనాడు సాక్షికి మాట నేర్పిన పెద్దమనిషి, రేపు మరియొకడు నేర్పిన మాటకు తానే బోనులో నిలువవలసి రావచ్చును.